గేమ్ ఫైళ్లలో దాక్కున్న సౌండ్స్‌ని బయటికి తీయడం ఎలా?

జీటీఏ వైస్ సిటీ ఇన్‌స్టాల్ చేసిన చోట ఎంపీ3 అనే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. అందులో మనకు నచ్చిన పాటలు వేస్తే, కారెక్కి రేడియో మార్చినప్పుడు అవే పాటలు వస్తాయి. నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా, నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బులు కట్టి ఆడిన మా బ్యాచ్‌లో ఈ ట్రిక్ తెలియనివాడు లేడు. బీచ్ రోడ్డు మీద తెలుగు మాస్ పాట పెట్టుకుని తిరుగుతుంటే ఆ మజానే వేరు.

అంటే పాటలు లోపలికి వేయడం అందరికీ వచ్చు. మరి లోపల ఉన్న సౌండ్‌ని బయటికి తీయాలంటే? బండి హారన్, తుపాకీ పేలుడు, రోడ్డు మీద జనం తిట్టే తిట్లు... ఇవన్నీ గేమ్‌లో వినిపిస్తాయి. కానీ ఫోల్డర్లన్నీ వెతికినా హారన్ అనే పేరుతో ఒక్క ఫైల్ కూడా దొరకదు. ఉన్నదల్లా ఒక భారీ ఫైల్. డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్లేయర్‌లోనూ ఓపెన్ కాదు.

ఈ ఆర్టికల్ ఆ భారీ ఫైల్ గురించే. అందులో సౌండ్ ఎలా ఉంటుంది, ఎలా గుర్తుపట్టాలి, ఏ టూల్‌తో తీయాలి, ఎక్కడ ఆగాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం. టూల్ డౌన్‌లోడ్ చేసి బటన్ నొక్కడం రెండు నిమిషాల పని. కానీ టూల్ సపోర్ట్ చేయని గేమ్ ఎదురైనప్పుడు చేతులెత్తేయకూడదంటే లోపలి లెక్క తెలిసి ఉండాలి.

ఇంత కష్టపడటం ఎందుకు?

రింగ్‌టోన్ కోసం అనుకుంటే తప్పేం లేదు, చాలామంది మొదలుపెట్టేది అక్కడే. కానీ అంతకంటే పెద్ద కారణం ఒకటుంది.

జీటీఏ 4 గేమ్ 2008లో వచ్చింది. అందులోని చాలా పాటల లైసెన్స్ గడువు పదేళ్లకు ముగియడంతో 2018 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్ ఇచ్చి వాటిని తీసేశారు. కొత్తగా కొన్నవాళ్లకే కాదు, ఎప్పుడో డబ్బు పెట్టి కొన్నవాళ్ల కంప్యూటర్లలో కూడా అప్‌డేట్ కాగానే ఆ పాటలు మాయం. శాన్ ఆండ్రియాస్‌కి కూడా 2014లో ఇదే జరిగింది. పాత డిస్క్ దాచుకున్నవాళ్ల దగ్గర మాత్రమే ఆ రేడియో పూర్తిగా మిగిలింది.

ఆ పాటలైతే వేరే ఎక్కడైనా వినొచ్చు. మరి ఆ గేమ్ కోసమే రికార్డ్ చేసిన డైలాగులు, కామెంటరీ, బ్యాక్‌గ్రౌండ్ శబ్దాలు? చిన్న స్టూడియో మూతపడితే, లేదా స్టోర్ నుంచి గేమ్ తీసేస్తే, ఒరిజినల్ రికార్డింగ్స్ ఎవరి దగ్గర ఉంటాయో చెప్పలేం. చాలా సందర్భాల్లో ఆ సౌండ్‌కి మిగిలిన చివరి కాపీ మన హార్డ్ డిస్క్‌లో ఉన్న ఆ గేమ్ ఫైలే. దాన్ని చదవడం రావడమంటే ఆ సౌండ్‌ని కాపాడటం రావడమే.

అసలు అన్నీ కలిపి ఒకే ఫైల్‌లో ఎందుకు పెడతారు?

దాచిపెట్టడానికే అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు, స్పీడ్.

ఒక గేమ్‌లో వేల కొద్దీ చిన్న చిన్న సౌండ్లు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఫైల్‌గా ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతిదాన్నీ విడిగా వెతికి, ఓపెన్ చేసి, క్లోజ్ చేయాలి. సీడీలు, పాత హార్డ్ డిస్కుల కాలంలో ఇది చాలా స్లో. పైగా డిస్క్ మీద చోటు ముక్కలుగా కేటాయిస్తారు. ముక్క సైజు 4096 బైట్లు అయితే, 500 బైట్ల ఫైల్ కూడా సాధారణంగా ఆ ముక్క మొత్తం ఆక్రమిస్తుంది. అందుకే అన్నింటినీ ఒకే ఫైల్‌లో వరుసగా పేర్చి, ఏది ఎక్కడుందో ఒక లిస్ట్ రాసుకుంటారు. దీన్నే ఆర్కైవ్ అంటాం.

బస్టాండ్‌లో ఆర్‌టీసీ కార్గో కౌంటర్ గుర్తుచేసుకోండి. లోపల గదిలో వందల పార్శిళ్లు. కౌంటర్లో ఉన్నాయన ప్రతి మూట విప్పి చూడడు. రిజిస్టర్‌లో మీ నంబర్ చూసి, ఏ అరలో ఉందో అక్కడికే పోయి తీసుకొస్తాడు. గేమ్ ఇంజిన్ చేసేది కూడా ఇదే. రిజిస్టర్‌ని ఇండెక్స్ అంటాం, మూటలున్న గదిని డేటా అంటాం. రిజిస్టర్ చదవడం వస్తే ఏ మూటైనా మన చేతికి వస్తుంది.

ఏ గేమ్ అయినా మూడే ప్రశ్నలు

మొదటిది: ఇండెక్స్ ఎక్కడుంది? ఫైల్ మొదట్లోనా, చివర్లోనా, లేక పక్కన ఇంకో ఫైల్‌లోనా?

రెండోది: లోపల ఉన్న సౌండ్ ఏ రూపంలో ఉంది? నేరుగా శాంపిల్సేనా, లేక ఎంపీ3, ఆగ్ లాగా కంప్రెస్ చేశారా?

మూడోది: పేర్లు ఉన్నాయా? లేక వట్టి నంబర్లేనా?

ఈ మూడింటికీ జవాబు దొరికితే పని అయిపోయినట్టే. ఉదాహరణలతో చూద్దాం.

మొదటి పాఠం: డూమ్

1993లో ఇడ్ సాఫ్ట్‌వేర్ తీసిన డూమ్ గేమ్ డేటా ఫైల్‌ని వ్యాడ్ అంటారు. నేర్చుకోవడానికి ఇంత శుభ్రమైన ఫార్మాట్ ఇంకోటి ఉండదు. ఒరిజినల్ డేటా కొనకుండానే ప్రాక్టీస్ చేయాలంటే ఫ్రీడూమ్ అనే ఉచిత ప్రాజెక్ట్ ఉంది. అదే ఫార్మాట్‌లో, అందరూ వాడుకునే లైసెన్స్‌తో వస్తుంది. కాబట్టి మొదటి ప్రయోగం దానిమీదే చేయండి.

ఆ ఫైల్‌ని ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొదటి 12 బైట్లు హెడర్. అందులో మొదటి నాలుగు బైట్లు ఫార్మాట్ పేరు. తర్వాతి నాలుగు, లోపల ఎన్ని ముక్కలున్నాయో చెప్పే సంఖ్య. చివరి నాలుగు, ఇండెక్స్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే అడ్రస్. ఆ అడ్రస్‌కి వెళితే ఒక్కో ముక్కకి 16 బైట్ల చొప్పున ఎంట్రీలు కనిపిస్తాయి: నాలుగు బైట్లు అది ఉన్న చోటు, నాలుగు బైట్లు దాని సైజు, ఎనిమిది బైట్లు పేరు. అంతే, ఇంకేం లేదు.

సౌండ్ ఎఫెక్ట్స్ పేర్లన్నీ డీ, ఎస్ అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి. ఆ రెండింటి తర్వాత పిస్టల్ అన్న మాట కనిపిస్తే అది పిస్టల్ సౌండ్. ఇండెక్స్ చెప్పిన చోటికి వెళితే ఆ సౌండ్‌కి సొంతంగా మళ్లీ 8 బైట్ల చిన్న హెడర్ ఉంటుంది. మొదటి రెండు బైట్లు 3, 0. తర్వాతి రెండు బైట్లు సాధారణంగా 17, 43.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఈ ఫార్మాట్‌లో సంఖ్యల చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనక రాస్తారు. కాబట్టి 43ని 256తో గుణించి 17 కలపాలి. 11,025 వస్తుంది. అంటే సెకనుకి 11,025 శాంపిల్స్. ఒక్కో శాంపిల్ ఒక్క బైట్. సౌండ్ సైజు సుమారు 11 వేల బైట్లుంటే అది ఒక సెకను సౌండ్ అన్నమాట. వినకుండానే ఎంతసేపు ఉంటుందో చెప్పేశాం చూడండి!

ఇవన్నీ చేత్తో ప్రతిసారీ చేయక్కర్లేదు. స్లేడ్ అనే ఉచిత టూల్‌లో వ్యాడ్ ఓపెన్ చేసి, సౌండ్ మీద రైట్ క్లిక్ కొట్టి వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే సరి. కానీ ఒక్కసారైనా చేత్తో చేసి చూడండి. పైథాన్ వస్తే ఇరవై ముప్పై లైన్లలో మీ సొంత ఎక్స్‌ట్రాక్టర్ రాసేయొచ్చు. కాలేజీ మినీ ప్రాజెక్ట్‌కి కూడా బాగుంటుంది.

రెండో పాఠం: వైస్ సిటీ

ఇప్పుడు మన నెట్ సెంటర్ గేమ్‌కి వద్దాం. పీసీ వెర్షన్ 2003లో వచ్చింది. ఆడియో ఫోల్డర్‌లో ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే పేరుతోనే రెండు ఫైళ్లుంటాయి. ఒకటి రా ఫైల్, చాలా పెద్దది. ఇంకోటి ఎస్‌డీటీ ఫైల్, చిన్నది. పెద్దది మూటల గది, చిన్నది రిజిస్టర్. డూమ్‌లో రెండూ ఒకే ఫైల్‌లో ఉంటే ఇక్కడ విడగొట్టారు.

ఎస్‌డీటీలో ఒక్కో సౌండ్‌కి 20 బైట్లు, అంటే నాలుగేసి బైట్ల సంఖ్యలు ఐదు. ఎక్కడ మొదలవుతుంది, ఎంత సైజు, సెకనుకి ఎన్ని శాంపిల్స్, లూప్ ఎక్కడ మొదలు, లూప్ ఎక్కడ ఆఖరు. ఇంజిన్ శబ్దం లాంటివి ఆగకుండా తిరగాలి కాబట్టి ఆ లూప్ అంకెలు. ఎస్‌డీటీ ఫైల్ సైజుని 20తో భాగిస్తే మొత్తం ఎన్ని సౌండ్లున్నాయో తెలిసిపోతుంది.

రా ఫైల్‌లో ఉన్నది ఏ కంప్రెషన్ లేని 16 బిట్ మోనో శాంపిల్స్. ఆడాసిటీలో ఇంపోర్ట్ మెనూలో రా డేటా అనే ఆప్షన్ ఉంటుంది. అందులో 16 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్, మోనో అని పెట్టి, ఎస్‌డీటీలో ఉన్న శాంపిల్ రేట్ ఇస్తే సౌండ్ శుభ్రంగా వినిపిస్తుంది. రేట్ డబుల్ పెడితే గొంతు చిన్నపిల్లల గొంతులా సన్నగా, స్పీడ్‌గా వస్తుంది. 16 బదులు 8 బిట్ పెడితే చెవులు పగిలే గరగర. ఆ గరగర విని ఫైల్ పాడైందనుకోకండి. మీరిచ్చిన సెట్టింగ్ తప్పని అర్థం.

మూడో ప్రశ్నకి మాత్రం ఇక్కడ జవాబు లేదు. పేర్లు లేవు, వరుస నంబర్లే. ఏది హారన్, ఏది తుపాకీ అన్నది విని రాసుకోవాల్సిందే. ఓపికున్న మాడర్లు ఆ పని చేసి లిస్టులు పెట్టబట్టే ఇవాళ మనకి సులువైంది.

ఇక రేడియో స్టేషన్లు. అవి ఏడీఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి, ఏ ప్లేయర్‌లోనూ పాడవు. హెక్స్ ఎడిటర్‌లో చూస్తే అక్కడక్కడా డబుల్ కోట్ గుర్తులు వరుసగా కనిపించొచ్చు. అదే క్లూ! డబుల్ కోట్ గుర్తు నంబర్ 34. మామూలుగా ఫైళ్లలో వరుసగా కనిపించేవి సున్నాలు. సున్నా ఉండాల్సిన చోట 34 కనిపిస్తోందంటే ప్రతి బైట్‌నీ 34తో ఎక్సార్ చేశారని అనుమానించాలి. ఎక్సార్‌కి ఒక మంచి గుణం ఉంది. అదే సంఖ్యతో రెండోసారి చేస్తే పాతది తిరిగొస్తుంది. ఎంపీ3 ఫ్రేమ్ మొదట 255 ఉంటుంది. దాన్ని 34తో ఎక్సార్ చేస్తే 221. ఏడీఎఫ్‌లో కనిపించే 221ని మళ్లీ 34తో ఎక్సార్ చేయండి, 255 వచ్చేస్తుంది. అంటే రేడియో స్టేషన్ మొత్తం మామూలు ఎంపీ3నే, పైన పల్చటి ముసుగు వేశారంతే.

శాన్ ఆండ్రియాస్‌కి వచ్చేసరికి ముసుగు కాస్త మందమైంది. ఒక్క సంఖ్య బదులు 16 బైట్ల కీ వాడారు, లోపల ఆగ్ ఫార్మాట్ పెట్టారు. సూత్రం మాత్రం అదే.

ముఖం చూసి గుర్తుపట్టడం

కొత్త గేమ్ ఎదురైంది, టూల్ లేదు, ఇండెక్స్ అర్థం కావట్లేదు. అప్పుడు లోపలి ఫార్మాట్ సంతకం కోసం వెతకాలి. దాదాపు ప్రతి ఫార్మాట్ మొదట్లో దాని గుర్తు ఉంటుంది. బైట్ విలువలు ఇలా గుర్తుపెట్టుకోండి:

82, 73, 70, 70 కనిపిస్తే వేవ్ కుటుంబం.
79, 103, 103, 83 అయితే ఆగ్.
73, 68, 51, లేదా 255 వెంట 251 అయితే ఎంపీ3 కావొచ్చు.
77, 84, 104, 100 అయితే మిడి.
70, 83, 66, 53 అయితే ఎఫ్ఎంఓడీ వాళ్ల సౌండ్ బ్యాంక్, ఐదో వెర్షన్.
66, 75, 72, 68 అయితే వైజ్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ తయారుచేసిన బ్యాంక్.
80, 75 అయితే అది జిప్.

వేవ్ విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. ఆ నాలుగు బైట్ల తర్వాత వచ్చే నాలుగు బైట్లలో మిగిలిన సైజు రాసి ఉంటుంది. దానికి 8 కలిపితే మొత్తం ఫైల్ సైజు. అంటే పెద్ద ఫైల్‌లో ఆ గుర్తు దొరికిన ప్రతి చోట నుంచి అన్ని బైట్లు కోసేసుకుంటే వేవ్ ఫైళ్లు వరుసగా బయటపడతాయి. దీన్ని కార్వింగ్ అంటారు. డిలీట్ అయిన ఫోటోలని రికవర్ చేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పద్ధతి కూడా ఇదే. కాకపోతే ఇక్కడ పేర్లు రావు. ఒక్కోసారి ఆ నాలుగు బైట్లు యాదృచ్ఛికంగా ఎక్కడో పడి చెత్త ఫైల్ కూడా వస్తుంది.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకి

ల్యాప్‌టాప్ లేదని ఆగిపోకండి. ఆండ్రాయిడ్ ఏపీకే అనేది అసలు జిప్ ఫైలే. జిప్ తెరిచే ఏ ఫైల్ మేనేజర్‌తోనైనా లోపలికి వెళ్లి అసెట్స్, లేదా రెస్ ఫోల్డర్‌లోని రా చూడండి. చిన్న గేమ్స్‌లో సౌండ్లు అక్కడ నేరుగా ఆగ్ ఫైళ్లుగానే దొరుకుతాయి. పెద్ద గేమ్స్ మాత్రం అదనపు డేటాని ఓబీబీ, డేటా ఫోల్డర్లలో పెడతాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ ఫోల్డర్లలోకి మామూలు యాప్‌లని రానివ్వట్లేదు. అక్కడికి వెళ్లాలంటే ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి చూడటం మేలు.

కీప్యాడ్ ఫోన్ల కాలం గుర్తున్నవాళ్లకి ఇంకో మాట. మొబైల్ షాపులో మెమొరీ కార్డ్ ఇచ్చి పాటలతో పాటు గేమ్స్ కూడా ఎక్కించుకునేవాళ్లం కదా, ఆ జార్ ఫైళ్లు కూడా జిప్‌లే. పేరు చివర జార్ తీసేసి జిప్ అని పెడితే తెరుచుకుంటాయి. లోపల ఎక్కువగా మిడి ఫైళ్లుంటాయి. మిడిలో సౌండ్ ఉండదు, ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు అన్న సూచనలే ఉంటాయి. అందుకే అంత చిన్న సైజు. అందుకే ఆ ఫోన్‌లో ఒకలా, కంప్యూటర్‌లో ఇంకోలా వినిపిస్తుంది.

యూనిటీ గేమ్స్, ఒక నాయనమ్మ గొంతు

ఈరోజుల్లో చిన్న స్టూడియోలు, స్టూడెంట్లు ఎక్కువగా వాడే ఇంజిన్లలో యూనిటీ ఒకటి. దీని లెక్క తెలిస్తే బోలెడు గేమ్స్ అర్థమవుతాయి.

విండోస్ గేమ్ పక్కన గేమ్ పేరు, దాని వెంట డేటా అన్న మాట ఉన్న ఫోల్డర్ ఉంటుంది. అందులో అసెట్స్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లు రిజిస్టర్ లాంటివి. వాటిలో ప్రతి ఆడియో క్లిప్‌కీ పేరు, నిడివి, అసలు డేటా ఏ ఫైల్‌లో ఏ అడ్రస్ నుంచి ఎన్ని బైట్లు ఉందో రాసి ఉంటుంది. సౌండ్ డేటా పక్కనే రిసోర్స్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉన్న ఫైల్‌లో ఉంటుంది. ఇక్కడా మళ్లీ అదే కార్గో కౌంటర్ లెక్క.

మా బీటెక్ రోజుల్లో నలుగురం కలిసి ఇలాగే యూనిటీలో ఒక చిన్న గేమ్ చేశాం. పొడుపు కథల గేమ్. మా టీమ్‌లో ఒకడిది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. పొడుపు కథలు చెప్పింది వాళ్ల నాయనమ్మ. పక్కా పాలమూరు యాసలో, ఫోన్ ముందు కూర్చోబెట్టి వాడే రికార్డ్ చేసుకొచ్చాడు. గేమ్‌కి మార్కులు వచ్చాయి, అందరం ఉద్యోగాల్లో పడ్డాం, ఆ సంగతి మర్చిపోయాం.

తర్వాత కొన్నేళ్లకి ఆమె పోయింది. వాడి పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ అంతకుముందే చచ్చిపోయింది, రికార్డ్ చేసిన ఫోన్ కూడా లేదు. ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "అరేయ్, మన గేమ్ నీ దగ్గర ఉన్నదారా? నాయనమ్మ గొంతు అండ్లనే ఉన్నది. ఇంకేడ లేదు" అన్నాడు.

నా పెన్ డ్రైవ్‌లో ఫైనల్ బిల్డ్ ఉంది. ప్రాజెక్ట్ సోర్స్ లేదు, ఆడే గేమ్ మాత్రమే. అసెట్‌స్టూడియోలో డేటా ఫోల్డర్ లోడ్ చేసి, ఫిల్టర్‌లో ఆడియో క్లిప్ ఎంచుకుంటే వరుసగా క్లిప్పులు, మేం పెట్టిన పేర్లతో సహా కనిపించాయి. అన్నీ సెలెక్ట్ చేసి ఎక్స్‌పోర్ట్ కొడితే పని అయిపోయింది.

కానీ అసలు విషయం వినేటప్పుడు తెలిసింది. గేమ్‌లో ప్లేయర్ బటన్ నొక్కగానే క్లిప్ ఆగిపోయేలా కోడ్ రాశాం. అందుకే చాలా క్లిప్పుల చివరి భాగం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఫైల్‌లో మాత్రం అది చెక్కుచెదరకుండా ఉంది. ఒక క్లిప్‌లో పొడుపు కథ అయిపోయాక కోడి అరుపు, ఆ వెనకే ఆమె గొంతు: "అయిందా బిడ్డా? ఇంకోటి చెప్పాల్నా?"

టెక్నికల్‌గా దీని అర్థం ఒక్కటే. గేమ్‌లో మనకి వినిపించేది కోడ్ వినిపించనిచ్చినంతే. ఫైల్‌లో ఉన్నది అంతకంటే ఎక్కువ కావొచ్చు. ఆఖరి నిమిషంలో పక్కన పెట్టిన డైలాగులు, వాడని మ్యూజిక్ చాలా గేమ్స్ ఆర్కైవ్‌లలో దొరికేది అందుకే.

క్వాలిటీ గురించి కూడా చెప్పాలి. యూనిటీ బిల్డ్ చేసేటప్పుడు ఆడియోని వోర్బిస్‌లోకి కంప్రెస్ చేసి ఎఫ్ఎంఓడీ బ్యాంక్‌లో పెట్టడం మామూలు. దాంట్లో వోర్బిస్ డీకోడ్‌కి కావాల్సిన సెటప్ హెడర్ తీసేసి, దాని గుర్తు నంబర్ మాత్రమే ఉంచుతారు. అందుకే డేటాని ఊరికే కోసి ఆగ్ అని పేరు పెడితే పాడదు. టూల్ ఆ హెడర్‌ని మళ్లీ కట్టాలి. ఇంకోటి, కంప్రెషన్‌లో పోయింది పోయినట్టే. వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసినా సైజు పెరుగుతుంది గానీ ఒరిజినల్ క్వాలిటీ తిరిగిరాదు. మా వాడికి మాత్రం ఆ గొంతు దొరికిందే పదివేలు.

ఏ గేమ్‌కి ఏ టూల్?

యూనిటీకి అసెట్‌స్టూడియో, అసెట్‌రిప్పర్. మొదటిదాని అసలు ప్రాజెక్ట్ ఆగిపోయింది, వేరేవాళ్లు కొనసాగిస్తున్న ఫోర్కులు వాడుకోవాలి. అన్‌రియల్ ఇంజిన్ గేమ్స్‌కి ఎఫ్‌మోడల్. డూమ్ తరహా వాటికి స్లేడ్.

వీటన్నిటికంటే ముందు ఇన్‌స్టాల్ చేసుకోవాల్సింది వీజీఎమ్‌స్ట్రీమ్. వందల రకాల గేమ్ ఆడియో ఫార్మాట్లని ఇది డీకోడ్ చేస్తుంది. ఫూబార్2000 ప్లేయర్‌కి ప్లగిన్‌గా పెట్టుకుంటే డబుల్ క్లిక్ చేసి వినొచ్చు.

వైజ్ వాడిన పెద్ద గేమ్స్‌లో ఒక చిక్కుంది. సౌండ్లకి పేర్లుండవు, పెద్ద పెద్ద నంబర్లుంటాయి. ఈవెంట్ పేర్లని హ్యాష్ చేసి నంబర్‌గా మార్చేస్తారు. పేరు తెలిస్తే నంబర్ లెక్కకట్టొచ్చు, నంబర్ నుంచి పేరుకి నేరుగా వెనక్కి రాలేం. ఓపిగ్గా ఊహించి, లెక్కకట్టి సరిచూసుకోవాలి.

ఎక్కడ ఆగాలి?

మీ దగ్గర చట్టబద్ధంగా ఉన్న గేమ్‌ని తెరిచి చూసి నేర్చుకోవడం ఒక సంగతి. తీసిన సౌండ్లని పంచడం, అమ్మడం పూర్తిగా వేరే సంగతి. మన కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52, సొంత వాడకానికి, పరిశోధనకి, ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో గమనించి నేర్చుకోవడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. అలా అని ఆ సౌండ్ మీదైపోదు. యూట్యూబ్ వీడియోలో పెడితే క్లెయిమ్ రావొచ్చు, మీ సొంత గేమ్‌లో వాడితే కేసే పడొచ్చు.

ఎన్‌క్రిప్షన్ దగ్గర ఇంకా జాగ్రత్త. 34తో ఎక్సార్ చేసిన పాత రేడియో ఫైల్ వేరు, ఏఈఎస్ తాళం వేసిన కొత్త గేమ్ వేరు. 2012లో చట్టానికి చేర్చిన సెక్షన్ 65ఏ ప్రకారం, హక్కులని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణలని ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉండొచ్చు. నా సలహా సింపుల్: తాళం ఉంటే వదిలేయండి. నేర్చుకోవడానికి తాళం లేని గేమ్స్ కావాల్సినన్ని ఉన్నాయి.

ఆన్‌లైన్ గేమ్స్ ఫైళ్లని ఉన్నచోట అసలు ముట్టుకోవద్దు. బీజీఎంఐ లాంటి గేమ్‌లో ఫైల్ మార్పు కనిపిస్తే యాంటీ చీట్ మీ ఐడీ బ్యాన్ చేయొచ్చు. మీరు హ్యాక్ చేశారా, సౌండ్ కోసం చూశారా అని అది అడగదు. ఏ గేమ్ అయినా ముందు ఫోల్డర్‌ని వేరే చోటికి కాపీ చేసుకుని, ఆ కాపీ మీదే పని చేయండి.

టూల్స్‌ని కూడా వాటి అసలు ప్రాజెక్ట్ పేజీ నుంచే తెచ్చుకోండి. యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయమని చెప్పే వీడియో కింద లింక్ కనిపిస్తే, అక్కడ మీకు దొరికేది సౌండ్ కాదు, మాల్‌వేర్.

ఇప్పుడు మీ వంతు

ముందు ఫ్రీడూమ్ దించుకుని ఒక్క సౌండ్‌ని చేత్తో బయటికి తీయండి. 17, 43 అన్న ఆ రెండు బైట్లు మీ కళ్లతో చూశాక, ఇంకే గేమ్ ఫైల్ చూసినా భయం వేయదు. తర్వాత మీకిష్టమైన పాత గేమ్ తీసుకుని మూడు ప్రశ్నలూ వేయండి.

మీరే గేమ్ తయారుచేసేవాళ్లయితే ఇంకో పని ఉంది. బిల్డ్‌తో పాటు ఒరిజినల్ రికార్డింగ్స్‌ని వేరే ఫోల్డర్‌లో, కనీసం రెండు చోట్ల దాచండి. క్లిప్పులకి సౌండ్1, సౌండ్2 అని కాకుండా ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని పేరు పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ ఫైల్ తెరిచేది మీరే కావొచ్చు, మీ ఇంట్లోవాళ్లే కావొచ్చు. వాళ్లకి హెక్స్ ఎడిటర్ అవసరం రాకుండా చూడండి.